చిన్నాయన కోసం కోయిలకుంట్ల దాకా

మా ఇంట్లో నా కోపాన్ని ఎవరూ కోపం అనరు. గరిటె కాస్త గట్టిగా పెట్టానంటే చాలు, "అదిగో, మీ నాన్న వాళ్ళ చిన్నాయన రక్తం" అంటుంది అమ్మ. స్కూల్లో టీచరుతో గొడవపడ్డా అదే మాట, పెళ్ళిలో వంటవాళ్ళని కేకలేసినా అదే మాట. పాతికేళ్ళుగా వింటున్నాను.

ఆ చిన్నాయన్ని నేనెప్పుడూ చూడలేదు. మా నాన్నది కోయిలకుంట్ల. నాకు ఆరేళ్ళప్పుడు లారీ ప్రమాదంలో పోయారు. అమ్మ నన్ను తీసుకుని కాకినాడలో పుట్టింటికి వచ్చేసింది, ఇక ఆ వైపు తిరిగి చూడలేదు. నాన్న వైపు నుంచి నాకు మిగిలింది నాలుగు ఫొటోలూ ఈ కథానూ. వాళ్ళ చిన్నాయన ఎవరూ లేనిచోట ఎవరితోనో మాట్లాడేవాడట, ఊళ్ళు పట్టి తిరిగేవాడట. స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు పేరు పెట్టారు. అది వంశంలోనే ఉందని అమ్మ తేల్చింది. సీమలో చిన్నాయన అంటే మా గోదావరి వైపు బాబాయి. నాన్నకి బాబాయంటే మా తాతకి తమ్ముడు. తాత రక్తం నాన్నది, నాన్న రక్తం నాది. లెక్క అంత సులువు.

నవ్వుతారేమో గానీ, బజారులో ఎవరో "కల్యాణీ" అని పిలిచినట్టయి వెనక్కి తిరిగితే ఎవరూ లేకపోయారనుకోండి, ఇంటికి పరుగెత్తుకొచ్చేదాన్ని. మొదలైందేమోనని. ఇప్పుడు నాకు ముప్ఫై ఒకటి, పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలు వద్దని మా ఆయన రవికి నేనే చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన వాదించలేదు, విజయవాడలో జన్యుపరమైన జబ్బుల గురించి సలహా చెప్పే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆ డాక్టరు నా కథంతా విని ఒక తెల్లకాగితం ముందుకు జరిపాడు. మూడు తరాలు, అటువైపూ ఇటువైపూ గీసుకు రమ్మన్నాడు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా, జబ్బున్నవాళ్ళ బొమ్మలో నలుపు నింపాలి. ఈ జబ్బు ఒక్క జన్యువు చేసే పని కాదనీ, వందలకొద్దీ చిన్న చిన్న తేడాలు తలా కాస్త బరువు వేస్తాయనీ, ఆ బరువు మీద బతుకులో పడే దెబ్బలూ తోడవుతాయనీ చెప్పాడు. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం మామూలేనట. రక్తం పరీక్ష చేసి వస్తుందనో రాదనో చెప్పడం మాత్రం కుదరదన్నాడు. "అందుకే ముందు మీ వాళ్ళెవరో సరిగ్గా తెలుసుకోండి" అన్నాడు.

అంతే, నాకు కాలు నిలవలేదు. ఇంతకాలం భయపడుతూ కూర్చున్నదాన్ని, ఆ భయం పుట్టిన ఊరు చూసొద్దామన్న ఆలోచనే రాలేదు చూడండి. నాలుగు రోజులు సెలవు పెట్టాను. అమ్మకి మాత్రం ఆఫీసు పని మీద వెళ్తున్నానని చెప్పాను.

కర్నూలు

తెల్లారి బస్సు దిగేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు ఎదుట చిన్న హోటల్లో అందరి ముందూ ఒకే రకం పళ్ళెం. తడిపిన మరమరాల్లో పోపు, పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, నలభై రూపాయలు. మా కాకినాడలో మరమరాలంటే సాయంత్రం బీచిలో పొట్లం కట్టించుకుని కరకరలాడించేవి. పొద్దున్నే వాటికి స్నానం చేయించి తినడం నాకు కొత్త. "మరమరాల ఉప్మానా?" అన్నాను. హోటలాయన మొహం చిన్నబోయింది. "ఉప్మా కాదమ్మా, ఉగ్గాని" అన్నాడు, పిల్ల పేరు తప్పు పలికినట్టు.

రుచి మాత్రం ఏం చెప్పను, ఇంకో పళ్ళెం తెప్పించుకున్నాను. ఆ హుషారులో బజ్జీ సగానికి కొరికేశాను. కళ్ళలోంచి, ముక్కులోంచి ధారలు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తన మజ్జిగ గ్లాసు నా వైపు తోశాడు. పేరు మస్తాన్, పరుపులు కుడతాడు. నేను తేరుకున్నాక బల్ల మీదున్న నా కాగితం చూసి ఇల్లు కడతాండావా అని అడిగాడు. చదరాలూ గీతలూ చూసి ఇంటి ప్లాను అనుకున్నాడు పాపం.

విషయం చెప్పాను. కొత్తవాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తడం అదే మొదలు, బజ్జీ పుణ్యమో ఏమో. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. సంబంధం చూసేటప్పుడు వాళ్ళ ఇళ్ళలో కూడా ఖాన్దాన్, అంటే వంశం గురించి అడుగుతారట.

"మీ ఇంట్లో ఏమన్నా ఉండాదా అంటే, ఏమీ లేదనే చెప్తారమ్మా అందరూ. ఉండాదని చెప్పిన ఇల్లు ఈ అరవై ఏండ్లలో నేను చూడలే" అన్నాడు.

మజ్జిగకి డబ్బులివ్వబోతే కోప్పడ్డాడు.

కోయిలకుంట్ల

బనగానపల్లె దాటాక కిటికీ వదల్లేదు నేను. నల్లటి నేల, దాని మీద కనుచూపు మేరా పచ్చగా శనగ. ఇళ్ళ గోడలకి నాపరాయి, కప్పుకి నాపరాయి, పెరడు చుట్టూ కంచె కూడా నిలబెట్టిన నాపరాళ్ళే. మా వైపు కంచె అంటే నాలుగు వెదురు కర్రలూ ఒక బీరపాదూ. ఇక్కడివాళ్ళు పెరడుకి కోట కట్టుకుంటారు. ఇది నా ఊరు, మా నాన్న ఊరు అనుకుంటుంటే ఛాతీలో ఏదో పొంగుతోంది. పక్కనావిడ అడక్కపోయినా చెప్పేశాను, మాది ఈ ఊరేనని.

ఊళ్ళో దిగాక ఆటోవాడు నన్ను ఒక వీధి బదులు ఇంకో వీధిలో దించి, పైగా నేనే తప్పు చెప్పానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎండలో బ్యాగు పట్టుకుని నడివీధిలో వాణ్ణి కడిగి పారేస్తున్నాను. రెండిళ్ళ అవతల తలుపు తీసుకుని డెబ్బై దాటిన ఒక ముసలావిడ బయటికొచ్చింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఎవురు మే నువ్వు? మా శీనయ్య అరిసినట్టే ఉండాది."

శీనయ్య మా నాన్న. ఆవిడ ఆయన అక్క సుబ్బలక్షమ్మ, నా పెద్దత్త. నేను వెతుకుతున్న ఇల్లు అదే. ఆటోవాడు తప్పు వీధిలో దించలేదు, నేనే తప్పు చెప్పాను. వాడు గెలిచినవాడిలా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నాన్నకీ ఇంత కోపం ఉండేదట. అరిచి, అయిదు నిమిషాలకి తనే వచ్చి చెనిక్కాయలు, అంటే మా వేరుశనక్కాయలు, ఒలిచి పెట్టేవాడట. నాన్న కోపం గురించి అమ్మ ఒక్కనాడూ చెప్పలేదు. ఆ మాట విన్నాక జొన్నరొట్టె ముందు కూర్చుని ఏడ్చేశాను. పెద్దత్త ఓదార్చలేదు. ఇంకో రొట్టె వేసి, దాని మీద వెన్న పెట్టింది.

తిన్నాక కాగితం పరిచాను. అక్కడ మొదలైంది నా అవస్థ. పెద్దత్తని ఇచ్చింది ఆవిడ మేనమామకే, అంటే మా జేజి తమ్ముడికి, జేజంటే ఇక్కడ నాన్నమ్మ. మేనరికాలు మాకూ కొత్త కాదు గానీ కాగితం మీద పెడితే తెలుస్తుంది ఆ చిక్కు. నాన్నకి అక్కగా ఒకచోట, జేజికి మరదలుగా ఇంకోచోట ఆవిడకి రెండు సున్నాలు పడ్డాయి. ఇలాంటి పెళ్ళికి రెండు గీతలు కలిపి గీయమన్నాడు డాక్టరు. గీసి చూపిస్తే, నన్ను రెండుసార్లు పుట్టించినావు గదే అని ఒకటే నవ్వు.

తర్వాత తాత పక్కన ఒక చదరం గీశాను. మద్దిలేటి చిన్నాయన. నలుపు నింపడానికి పెన్ను పెట్టి, తాతకి ఈయన ఎన్నో తమ్ముడని అడిగాను.

"తమ్ముడేంది? మా నాయనకు తమ్ముండ్లే లేరు. ఒగడే కొడుకు" అంది పెద్దత్త.

"మరి చిన్నాయన అంటున్నారుగా?"

"మా చిన్నమ్మ మొగుడు మే. చిన్నమ్మ మొగుణ్ణి చిన్నాయన అనక ఏమంటారు మీ ఊర్లో?"

ఏమంటాం? మేమూ బాబాయే అంటాం. నాన్న తమ్ముడూ బాబాయే, పిన్ని మొగుడూ బాబాయే. ఒకరిది మన రక్తం, ఇంకొకరిది తాళి కట్టించి తెచ్చుకున్న చుట్టరికం. పిలుపొక్కటే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పిలుస్తున్న మాట, ఒక్కసారి ఆగి ఏ బాబాయని అడగలేదు నేను. ఎంత తెలివితక్కువదాన్నండీ!

లేచి పెద్దత్తని పట్టుకుని గిరగిరా తిప్పాను. ఆవిడ మోకాళ్ళు, మోకాళ్ళు అని మొత్తుకుంది. వీధిలోకి పరిగెత్తి రవికి ఫోన్ చేశాను. "రక్తం కాదండీ, అసలు రక్తమే కాదు" అని అరుస్తుంటే ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. లోపలికొచ్చి తాత పక్కన గీసిన చదరం అడ్డంగా కొట్టేశాను.

పెద్దత్త మాత్రం నా అంత సంబరపడలేదు. మద్దిలేటి చిన్నాయన బడిపంతులనీ, నాన్నకి అక్షరాలు దిద్దించింది ఆయనేననీ చెప్పింది. ఆయన కూతురు ఈశ్వరమ్మ రాయచోటిలో ఉంటుందట. ఇంత దూరం వచ్చినదానివి చూసి పొమ్మంది.

కడప

మర్నాడు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా కడప. ఆ రోజంతా నేను నేల మీద లేను. ఎర్రకారం దోసె తిన్నాను. దోసె మీద ఎర్రగా కారం రాసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాలుస్తారు. అరవై రూపాయలు. మా వైపు పెసరట్టు తింటూ మేమే పెద్ద తిండిపోతులమని అనుకుంటాం గానీ, ఈ దోసె ముందు అది పథ్యం తిండి. కర్నూలు బజ్జీ పాఠం గుర్తుంది కాబట్టి ఈసారి ముందే పెరుగు చెప్పాను. అయినా ఏడ్చాను, అది వేరే సంగతి.

చెయ్యి కడుక్కుని డాక్టరుకి ఫోన్ చేశాను, నా విజయవార్త చెప్పాలి కదా. ఆయన విని మంచిది అన్నాడు. ఆ చిన్నాయన నిజంగా తాత తమ్ముడే అయివున్నా అంత దూరపు చుట్టం వల్ల నాకు పడే బరువు తక్కువేనన్నాడు. అమ్మానాన్నలకో తోడబుట్టినవాళ్ళకో ఉంటే ఎక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది, దగ్గరివాళ్ళకి ఉన్నా ఎక్కువమందికి రాదు అన్నాడు. మిగతా కాగితం కూడా ఇంతే శ్రద్ధగా నింపమన్నాడు. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. పాతికేళ్ళు మోసిన భయాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తే రాదా మరి?

రాయచోటి

కొండదారిలో గువ్వలచెరువు దగ్గర బస్సు ఆగితే అందరూ దిగి పాలకోవా కొంటున్నారు. నేనూ అరకిలో కట్టించాను, ఈశ్వరమ్మ అత్తకి. బస్సు వంపులు తిరిగేలోపల దానిలో పావు వంతు నేనే తినేశాను.

ఈశ్వరమ్మ అత్తకి యాభై ఉంటాయి. నాన్నకి పిన్ని కూతురు. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. పెద్దత్త ముందే ఫోన్ చేసిందట, నన్ను చూడగానే మిషను పక్కన స్టూలు మీద గుడ్డలు తీసి కూర్చోమంది. నేను ఆగలేదు. కూర్చుంటూనే మొదలుపెట్టాను, చిన్నప్పటి నుంచి ఎంత భయపడ్డానో, తాత తమ్ముడనుకున్నానో, మొన్న కోయిలకుంట్లలో ఎలా ఎగిరానో. "మీ నాన్నగారిది మాకు రక్తం కాదని తెలిశాక ప్రాణం లేచొచ్చింది అత్తా" అనేశాను.

ఆవిడ మిషను ఆపలేదు. జాకెట్టు చెయ్యి కుట్టడం అయ్యాక దారం కొరికి, నా వైపు చూసింది.

"నీకు కాదు. నాకు నాయనే గదా" అంది.

భూమి చీలితే బాగుండుననుకున్నాను. పాలకోవా పొట్లం ఒళ్ళో పెట్టుకుని తలొంచుకున్నాను. తప్పయిపోయిందత్తా అన్నాను. ఆవిడకి కోపం లేదు. పొట్లం తీసుకుని విప్పి, ముందు నాకే పెట్టింది.

అప్పుడు చెప్పింది వాళ్ళ నాన్న సంగతి. ఈవిడకి తొమ్మిదేళ్ళప్పుడు మొదలైందట. బడిలో పాఠం చెబుతూ చెబుతూ గోడతో మాట్లాడడం, అన్నంలో ఏదో కలిపారని పళ్ళెం తోసెయ్యడం. ఎవరో గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు, గుళ్ళలో పడుకోబెట్టారు, ఒకచోట కట్టేసి కూడా ఉంచారు. ఎనిమిదేళ్ళు అలా గడిచాకగానీ ఆసుపత్రికి తీసుకుపోలేదు. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకే మనిషి చాలావరకు తేరుకున్నాడట. మళ్ళీ ఉద్యోగం చెయ్యలేదు గానీ, పోయేదాకా ఈ గుమ్మంలోనే కూర్చుని వీధి పిల్లలకి ఎక్కాలు చెప్పాడట. ఈశ్వరమ్మ అత్తకి ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి ఇరవై నాలుగు, అబ్బాయికి ఇరవై ఒకటి. ఇప్పటికి బాగున్నారు. ఇప్పటికి అన్న మాట ఆవిడే అంది.

నేను అడగలేక అడిగాను, కనడానికి భయం వెయ్యలేదా అని.

"ఎయ్యకేం, శానా ఏసింది. కడుపుతో ఉన్నప్పుడు మా నాయననే అడిగినా, నీ మాదిరి అయితే ఎట్ల నాయనా అని. తొందరగా మందియ్యండి అన్న్యాడు, అంతే. మా నాయనకు ఎనిమిదేండ్లు మందియ్యలే మేము. నా బిడ్డకు వస్తే ఎనిమిది దినాలు గూడా ఆగను."

ఇంత మామూలుగా, చంకల కొలత చెప్పినట్టు చెప్పింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఈ మాట కోసమే ఇంత దూరం వచ్చానా అనిపించింది. రక్తం కాదని ఎగిరిన ఎగురుడు కన్నా ఇదే ఎక్కువ ధైర్యం ఇచ్చింది నాకు, ఒట్టు.

వాళ్ళ నాన్న బొమ్మ ఎక్కడుందో చూపించమంది. కొట్టేసిన చదరం చూపించడానికి సిగ్గేసింది. జేజి చెల్లెలి పక్కన పెళ్ళి గీత గీసి, కొత్తగా ఇంకో చదరం వేశాను. ఆవిడే పెన్ను తీసుకుని జాగ్రత్తగా, అంచు దాటకుండా నలుపు నింపింది. కింద మద్దిలేటి అని రాసింది.

తర్వాత కళ్ళజోడు సర్దుకుని కాగితం రెండో సగం చూసింది. అది మా అమ్మ వైపు. నేను బయల్దేరేముందు ఏదో ఇన్సూరెన్సు ఫారమని చెప్పి అమ్మని అడుగుతూ అయిదు నిమిషాల్లో గీసేసిన సగం. మా వైపు అందరూ శుభ్రంగా ఉన్నారు అంది అమ్మ. నిజంగానే అన్నీ తెల్లటి బొమ్మలే. అమ్మ నోటితో చెప్పిన పిలుపులే వాటి కింద రాసుకున్నాను. ఈశ్వరమ్మ అత్త వేలు పెట్టి చదివింది. "చిన్నక్క. అమ్మ. తమ్ముడు." వేలు మళ్ళీ వెనక్కి వచ్చింది.

"చిన్నక్క ఉండాది సరే. పెద్దక్క యాడ?"

అమ్మకి ఒక్కతే అక్క అన్నాను.

"ఒక్కతే అయితే అక్కా అంటారు గానీ చిన్నక్కా అని ఎందుకంటారు?"

కాకినాడలో మా పెద్దమ్మని అమ్మ చిన్నక్కా అని పిలవడం పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ముద్దుపేరు అనుకున్నాను. కాదు, ఏమీ అనుకోలేదు. ఒక మాట కింద దాగిన మనిషిని కోయిలకుంట్లలో పట్టుకున్నానని మురిసిపోయిన దాన్ని, సొంత ఇంట్లో ఇంకో మాటని రోజూ వింటూ దాటిపోయాను.

అక్కడే, ఆ మిషను పక్కనుంచే అమ్మకి ఫోన్ చేశాను. ఎక్కడున్నావంటే రాయచోటి అన్నాను. అమ్మ ఇంకేదో అనేలోపే అడిగేశాను, పెద్దక్క ఎవరని.

ఫోను చెవికి నొక్కుకున్నాను.

"దాని సంగతి నీకెవరు చెప్పారు?" అంది అమ్మ.

పేరు అన్నపూర్ణ. ముగ్గురు ఆడపిల్లల్లో పెద్దది. ఇంటరు చదువుతుండగా ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకునేదట. కింద ఇద్దరు ఆడపిల్లలు, ఈ సంగతి పొక్కితే వాళ్ళకి పెళ్ళిళ్ళు కావని మా తాతయ్య వెనక గదిలో పెట్టారట. చుట్టాలింటికి వెళ్ళిందని ఊరికి చెప్పారు. ఏ డాక్టరూ చూడలేదు. అమ్మ పెళ్ళికి ఏడాది ముందు ఆ గదిలోనే పోయిందట, జ్వరంతో. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. పిలుపు మార్చుకోవడం మాత్రం మర్చిపోయారు.

"నీకు కోపం వస్తే అచ్చం దాని మొహమే కల్యాణీ. చూసినప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది. ఏం చెయ్యను, మీ నాన్న వాళ్ళ మీదకి తోసేశాను."

ముందు నాకు మండింది. పాతికేళ్ళు పరాయి మనిషి మీద నింద వేసి నన్ను హడలగొట్టిందే అని అరవబోయాను. ఈశ్వరమ్మ అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. అవతల అమ్మ ఏడుస్తోంది. అక్క కోసం అమ్మ పైకి ఏడవడం బహుశా అదే మొదటిసారి. నా కోపం ఎటు పోయిందో తెలియదు, నాకూ ఏడుపొచ్చింది. నేనెరగని ఆ పెద్దమ్మ కోసం, ఆ గది కోసం.

అమ్మ పక్కన, చిన్నక్కకి ముందు, ఒక సున్నా గీశాను. నేనూ అంచు దాటకుండా నెమ్మదిగా నలుపు నింపాను. చిన్నాయన కన్నా ఈవిడ నాకు ఎంతో దగ్గర. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకీ తెలుసు.

"ఇంక పిల్లలు వద్దంటావేమో" అంది అమ్మ, గొంతు తగ్గించి.

"కంటానమ్మా. కానీ అన్నపూర్ణ పెద్దమ్మ గురించి నాకు అంతా చెప్పాలి. ముందు డాక్టరుకి చెప్పాలి, తర్వాత నా బిడ్డకి చెప్పుకోవాలి."

ఎక్కడ మొదలుపెట్టమంటావు అంది. ఎక్కడైనా సరే అన్నాను. అమ్మ ముక్కు చీదుకుంది. అక్క చాలా బాగా పాడేది, అంది.